ఫోనులో పుస్తకాలుండగా గ్రంథాలయం దేనికి?

ప్రశ్న: మా ఇంటిపన్ను రసీదులో గ్రంథాలయ పన్ను అనే పద్దు ఒకటి కనిపిస్తోంది. మా ఇంట్లో అందరికీ ఫోన్లున్నాయి. పాత పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, కొత్తవి కొనుక్కుంటున్నాం. మా శాఖా గ్రంథాలయంలో దినపత్రికలు చదివే పెద్దలు తప్ప ఎవరూ కనిపించరు. ఈ కాలంలోనూ దీనికి పన్ను కట్టవలసిందేనా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: పన్ను కడుతున్న మీకు ఈ ప్రశ్న అడిగే హక్కు పూర్తిగా ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మునిసిపాలిటీలు, పంచాయతీలు ఆస్తిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున ఈ పన్ను వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. వెయ్యి రూపాయల ఇంటిపన్ను కట్టేవారికి ఇది 80 రూపాయలు. ఆ సొమ్ముకు తగిన ఫలితం దక్కుతోందా అన్నది ఒక ప్రశ్న, గ్రంథాలయమే అక్కరలేదా అన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి నా జవాబు చాలాచోట్ల లేదనే. రెండోదానితో మాత్రం నేను ఏకీభవించను.

పాత పుస్తకాలన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయన్న మాటనే తీసుకుందాం. మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్లదాకా కాపీహక్కు ఉంటుంది. ఆ గడువు దాటిన పాత ప్రబంధ వ్యాఖ్యానాన్ని ఎవరైనా ఉచితంగా పెట్టవచ్చు, నిరుడు వచ్చిన నవలను దుకాణంలో కొనవచ్చు. ఈ రెండింటికీ నడుమ, ఒకే ఒక్క ముద్రణ పొంది మళ్లీ అచ్చుకాని వేల తెలుగు పుస్తకాలు అటు ఉచితంగా పెట్టడానికి చట్టం ఒప్పుకోక, ఇటు కొందామంటే ఎక్కడా దొరకక ఉండిపోయాయి. మన సీమలో కథకులు, అవధానులు, బడిపంతుళ్లు సొంత ఖర్చుతో కొద్ది ప్రతులు అచ్చు వేయించుకున్న ఊరి చరిత్రలు, శతకాలు ఎక్కువగా ఈ కోవలోనివే. అవి మిగిలి ఉంటే ఆ ఇళ్ల అటకల మీద, లేదా గ్రంథాలయం బీరువాలో మిగిలి ఉండాలి.

స్కాన్ చేసిన పుస్తకాలకైనా కాపలాదారు ఒకరు ఉండవలసిందే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో ప్రభుత్వ సహాయంతో వేలాది తెలుగు గ్రంథాలు స్కాన్ అయ్యాయి. తరువాత ఆ వెబ్‌సైటు మూతపడింది. వాటిలో చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరడం వల్లనే నేటికీ చదవగలుగుతున్నాం. అక్కడైనా పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో, అదీ తప్పులతో, ఎక్కించడం వల్ల కావలసిన పుస్తకం కంటి ముందే ఉన్నా వెతుకులాటకు చిక్కదు. అనేక పుస్తకాలు కేవలం పుటల బొమ్మలు కావడంతో లోపలి మాటను వెతకడం ఇంకా కష్టం. పుస్తకాల జాబితాను శ్రద్ధగా తయారుచేయడం గ్రంథపాలకుని వృత్తి. ఆ వృత్తి తెలిసినవారు లేని లోటు ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

మరొక సంగతి మీ ఊళ్లోనే గమనించవచ్చు. డీఎస్సీకి, కానిస్టేబుల్ ఉద్యోగానికి, గ్రూప్-2కు చదివే పిల్లలందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, పాఠాలన్నీ యూట్యూబ్‌లో వింటున్నారు. అయినా పట్టణాల్లో స్టడీ హాళ్లు నెలవారీ రుసుము తీసుకొని కుర్చీని, బల్లను, ఫ్యానును, నిశ్శబ్దాన్ని అద్దెకిస్తున్నాయి. రెండు గదుల ఇంట్లో టీవీ మోగుతూ, మేలో కరెంటు పోతూ ఉంటే చదువు సాగదు గనుక ఆ పిల్లలు డబ్బు కడుతున్నారు. చదువుకునే చోటుకు గిరాకీ తగ్గిందనడం ఎలా? ప్రజాధనంతో నడిచే సంస్థ అందించవలసిన చోటును ప్రైవేటువారు అమ్ముతున్నారు, అంతే. మీ గ్రంథాలయంలో యువకులు కనిపించకపోవడానికి ఫోనుకంటే వేళలే ఎక్కువ కారణమని నా అనుమానం. చాలా శాఖా గ్రంథాలయాలు ఉదయం కొంతసేపు, సాయంత్రం కొంతసేపు తెరిచి, నిరుద్యోగికి అసలు అవసరమైన మధ్యాహ్నం పూట తాళం వేస్తాయి. సిబ్బంది ఖాళీలు భర్తీ కాకపోవడం, స్థానిక సంస్థలు వసూలు చేసిన పన్నును సకాలంలో జమచేయకపోవడం రాష్ట్రమంతటా వినిపించే ఫిర్యాదులు. అంటే మీరు కట్టిన పన్ను గ్రంథాలయం గడప దాకా చేరిందో లేదో ముందు అడగవలసి ఉంటుంది. పన్ను రద్దు చేయమనడం కంటే ఈ ప్రశ్నే అధికారులకు ఎక్కువ ఇబ్బంది కలిగిస్తుంది.

ప్రశ్న: బ్రౌన్ నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉంది. ఇక కడపలోని బ్రౌన్ గ్రంథాలయానికి ఎవరైనా ఎందుకు వెళ్లాలి?
– ఒక డిగ్రీ విద్యార్థిని, కడప

జవాబు: నిఘంటువు కోసమే అయితే వెళ్లనక్కరలేదు, 1852 నాటి ఆ గ్రంథాన్ని ఫోనులో చూసుకోవడమే సులువు. అయితే ఈస్టిండియా కంపెనీ అధికారి సి.పి. బ్రౌన్ తన కడప బంగళాలో సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి, ఒక కావ్యానికి పలు తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టి పాఠభేదాలను సరిచూపించిన పద్ధతి ఉందే, ఆ పనికి అన్ని ప్రతులూ ఒకచోట చేరాలి. ఆ బంగళా శిథిలాలున్న చోటనే రచయిత జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి గ్రంథాలయాన్ని నిలబెట్టారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తోంది. అక్కడ తాళపత్రాలున్నాయి, మన జిల్లా గ్రామాల వృత్తాంతాలైన కైఫీయత్తులను ఆ కేంద్రం పుస్తకాలుగా ప్రచురించింది. మీ ఊరి కైఫీయత్తు ఉందేమో ఒకసారి వెళ్లి అడగండి.

ప్రశ్న: మా శాఖా గ్రంథాలయానికి ఫలానా పుస్తకం కావాలని, మధ్యాహ్నం కూడా తెరవాలని కోరాలంటే ఎవరికి రాయాలి?
– ఒక పాఠకుడు, జమ్మలమడుగు

జవాబు: ముందు సభ్యులుగా చేరి, కావలసిన పుస్తకాల పేర్లు గ్రంథపాలకునికి రాతపూర్వకంగా ఇవ్వండి. వేళల మార్పు కోరే వినతిని జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి, వీలైతే పదిమంది సంతకాలతో పంపండి. మీ మునిసిపాలిటీ ఏటా ఎంత గ్రంథాలయ పన్ను వసూలు చేసింది, అందులో ఎంత జమచేసింది అన్నది మునిసిపల్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారిని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. దరఖాస్తు అందిన 30 రోజుల్లో జవాబివ్వాలి. రెండు అంకెలనూ విడివిడిగా, ఏడాదివారీగా ఇవ్వమని దరఖాస్తులోనే రాయండి, లేకపోతే మొత్తం ఒకే అంకెగా వచ్చే అవకాశం ఉంది.