నాలుగింటికి అంటే నాలుగు ఇళ్లకా?

సందేహం: మా ఆరేళ్ల పాపకు గడియారం చూడటం నేర్పుతున్నాను. ‘నాలుగింటికి పార్కుకి వెళ్దాం’ అంటే, ‘ఎవరెవరింటికి?’ అని అడిగింది. మధ్యాహ్నం ‘ఒక గంటకి’ అన్నం తింటానంటుంది. ఒంటిగంట అనాలమ్మా అంటే ‘మరి రెంటిగంట అనవేం?’ అంటోంది. అసలు ‘నాలుగింటికి’ తప్పా? ‘నాలుగు గంటలకు’ అనే నేర్పాలా?

సమాధానం: రెండూ ఒప్పే. ‘నాలుగింటికి’లో ఇల్లు లేదు. ఇళ్లే అయితే ‘నాలుగిళ్లకి’ అంటాం. మనుషులు కానివాటిని చెప్పే అంకెకు కి, ని, లో లాంటివి చేర్చేటప్పుడు మధ్యలో ఈ ‘ఇంటి’ వస్తుంది. ‘ఈ రెండింటిలో ఏ బొమ్మ కావాలి?’, ‘అన్నింటినీ సర్దు’ అని మీరు రోజూ అంటూనే ఉంటారు. మనుషులైతే ఇద్దరికి, నలుగురికి. ‘ఎన్నింటికి లేచావు?’ అని అడగండి, ‘ఏడింటికి’ అని జవాబు దానంతటదే వస్తుంది.

నన్నడిగితే ముందు ఇదే నేర్పమంటాను. ‘నాన్న రెండు గంటలకి గాని రాలేదు’ అంటే గడియారంలో రెండయ్యాక వచ్చాడా, రెండు గంటలసేపు చూశాక వచ్చాడా? తెలియదు. ‘రెండింటికి గాని రాలేదు’ అంటే ఆ తికమకే ఉండదు.

ఒకటి మాత్రం ఈ వరసలోకి రాదు. దానికి కి చేరిస్తే ‘ఒకదానికి’ అవుతుంది. ‘ఒకదానికి భోజనానికి రండి’ అంటే ఎవరొస్తారు? అక్కడ ఒంటిగంట ఉంది. ఒంటి అంటే ఒకటే అని: ఒంటికాలు, ఒంటిపూట బడి. బడి పేరు చెప్తే పాపకి వెంటనే ఎక్కుతుంది. ‘గంట’, ‘ఒక గంట’ అన్నవి సేపుకి ఉంచండి. గంటన్నర ఆడుకుంటుంది, ఒకటిన్నరకి పడుకుంటుంది.

ఇక రెంటిగంట. అలా ఎవరూ అనరు గానీ పాప చెవి మంచిదే. రెండింటికి పొట్టి రూపం రెంటికి. ‘రెంటికీ చెడ్డ రేవడి’లో ఉన్నది అదే.

‘పావు తక్కువ ఆరు’ చివర్లో నేర్పండి. చిన్నముల్లు ఇంకా ఆరు దాకా రాలేదు, మనం మాత్రం ఆరంటున్నాం, పిల్లలకి అది అన్యాయంగా కనిపిస్తుంది. అందాకా ‘ఐదూ ముప్పావు’ అననివ్వండి, అదీ తెలుగే.