మెట్ల దగ్గరి ఫైర్ డోర్ తెరిచి ఉంచితే పొగ బయటికి పోదా?

ఫైర్ డోర్లు (మంటనూ పొగనూ ఆపే తలుపులు) ఎప్పుడూ మూసే ఉంచమంటున్నారు, తెరిస్తే గాలీ ఆడుతుంది, పొగా పోతుంది కదా అని అడిగారు. నేను హైదరాబాద్‌లో ఎత్తైన భవనాల్లో మెట్ల ప్రెషరైజేషన్ ఫ్యాన్లు టెస్ట్ చేస్తుంటాను. దయచేసి ఆ డోర్ మూసే ఉంచండి.

వేడి పొగ పైకి లేస్తుంది. దానికి మెట్లకన్నా సులువైన దారి లేదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేస్తే, పొగ మెట్ల మీదుగా పైనున్న లాడ్జిలోకి ఎక్కింది. 8 మంది చనిపోయారు.

మీ మెట్ల ఫ్యాన్ పొగను లాగేది కాదు. బయటి మంచి గాలిని మెట్లలోకి నెట్టేది. మెట్ల లోపల ఒత్తిడి బయటి లాబీలోకన్నా ఎక్కువగా ఉంటే డోర్ సందుల్లోంచి గాలి లాబీలోకి వీస్తుంది, పొగ మెట్లలోకి రాలేదు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ఈ తేడా 50 పాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే యూనిట్) ఉండాలంటుంది. దిగేవాళ్ళు ఒకటి రెండు డోర్లు తెరిచినా ఫ్యాన్ తట్టుకుంటుంది. ప్రతి అంతస్తులో డోర్‌కు పూలకుండీ అడ్డం పెడితే మాత్రం ఏ ఫ్యానూ చాలదు.

ఒత్తిడి మరీ పెరిగినా ప్రమాదమే. డోర్ మెట్ల వైపుకు తెరుచుకుంటుంది కాబట్టి గాలికి ఎదురుగా నెట్టాలి. 50 పాస్కల్స్ దగ్గర మామూలు డోర్ మీద మొత్తం పది కిలోల దాకా తోపు ఉంటుంది. హ్యాండిల్ దగ్గర అందులో సగం, దానికి తోడు డోర్ క్లోజర్ (తలుపును దానంతటదే మూసే పరికరం) బిగువు. ఒక టవర్‌లో అదనపు గాలిని వదిలే రిలీఫ్ డ్యాంపర్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఇద్దరం భుజాలు ఆనించి నెడితే గానీ డోర్ కదల్లేదు. పెద్దవాళ్ళ వల్ల అయ్యే పనేనా?

ఈసారి మాక్ డ్రిల్‌లో మెయిన్ కరెంటు ఆపించి, జనరేటర్ మీద ఫ్యాన్ వేయించండి. అన్ని డోర్లూ మూసి, లాబీలో నిలబడి డోర్ కింది సందు దగ్గర టిష్యూ పేపర్ పట్టుకోండి. అది మీ వైపుకు ఎగరాలి. పై అంతస్తులోనూ కింద కూడా చూడండి, ఫ్యాన్‌కు దూరమయ్యేకొద్దీ ఒత్తిడి పడిపోతుంటుంది. తర్వాత ఇంట్లో పెద్దావిడ చేతే డోర్ తెరిపించి చూడండి.

గాలి ఆడక నిజంగా ఇబ్బందైతే, ఫైర్ అలారంకు కలిపే మాగ్నెటిక్ హోల్డర్లు దొరుకుతాయి. మామూలప్పుడు డోర్‌ను తెరిచి పట్టుకుంటాయి, అలారం మోగగానే వదిలేస్తాయి. పెట్టించే ముందు ఫైర్ శాఖ వాళ్ళను ఒకసారి అడగండి.