పాత డీజిల్ ఇంజన్‌ని మ్యూజియానికి రోడ్డు మీద ఎందుకు తెస్తారు, పట్టాల మీద రాదా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: దేశమంతా పట్టాలుండగా మా ఊరి రైలు మ్యూజియానికి పాత డీజిల్ ఇంజన్‌ని ట్రైలర్ మీద తెస్తామంటున్నారు, ఎందుకు, అలా మోస్తే పాడైపోదా?

నేను చాలా ఏళ్లు ఓడీసీ రవాణాలో, అంటే మామూలు లారీలో పట్టని సరుకు తోలే పనిలో, సూపర్‌వైజర్‌గా చేశాను. ఎక్కువగా ట్రాన్స్‌ఫార్మర్లు, బాయిలర్ డ్రమ్ములే, మధ్యమధ్యలో లోకోలు కూడా వచ్చేవి. ఆ అనుభవంతోనే చెబుతున్నా.

పట్టాలు దేశమంతా ఉన్నా మ్యూజియం గేటు లోపలికి చాలాచోట్ల ఉండవు. పైగా గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, గొడవ ఒకటి. ధర్మవరం–పాకాల లాంటి లైన్లు ఒకప్పుడు మీటరు గేజి, ఇప్పుడు బ్రాడ్ గేజి, అంటే 1676 మిల్లీమీటర్లు. మీటరు గేజి కోసం చేసిన వైడీఎం-4 రకం డీజిల్ ఇంజన్ తన చక్రాల మీద తాను ఆ పట్టాలపై నడవలేదు కాబట్టి, లైను మార్చేశాక దాన్ని వ్యాగన్ మీదో ట్రైలర్ మీదో ఎక్కించి తేవాల్సిందే. ఏళ్ల తరబడి షెడ్డు వెనక నిలబెట్టేసిన బ్రాడ్ గేజి ఇంజన్ అయినా అంతే, బ్రేకులు, బేరింగులు, చక్రాల అరుగుదల అన్నీ చూసి సరేనంటే తప్ప దాన్ని రైలుకి తగిలించి లాగనివ్వరు.

ఇక బరువు సంగతి. మనకి బాగా తెలిసిన బ్రాడ్ గేజి డీజిల్ ఇంజన్ డబ్ల్యూడీఎం-2 బరువు 112.8 టన్నులు, పొడవు 17 మీటర్ల పైన, వెడల్పు 2.86 మీటర్లు, ఎత్తు దాదాపు 4.2 మీటర్లు. మామూలు వాహనం వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదని, సరుకుతో కలిపి 55 టన్నులు మించకూడదని రూలు, అందుకే ఇలాంటి ప్రతి ట్రిప్పుకీ ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. అందరూ బరువు చూసి భయపడతారు కానీ నిజానికి బరువు అంత సమస్య కాదు. హైడ్రాలిక్ యాక్సిల్ ట్రైలర్లో ఒక్కో లైనుకి, అంటే ఒక్కో ఇరుసు వరసకి, ఎనిమిది టైర్లుంటాయి, బరువు ఎక్కువైతే ఇంకో రెండు లైన్లు కలుపుతాం, రోడ్డు ఒక పక్కకి వాలినా డెక్కు మట్టంగా ఉండేలా ఆపరేటర్ చూసుకుంటాడు. వంతెన దగ్గర మాత్రం వేరే బండ్లన్నీ ఆపేసి, సరిగ్గా రోడ్డు మధ్యలో, మనిషి నడిచే వేగంతో, బ్రేకు కొట్టకుండా దాటాలి.

అసలు తలనొప్పి ఎత్తుతోనే. ట్రైలర్ డెక్కే మీటరు పైచిలుకు ఉంటుంది, దాని మీద లోకోని చక్రాలతో సహా నిలబెడితే ఐదు మీటర్లు దాటిపోతుంది. హైవే మీద ఎలాగో నెట్టుకురావచ్చు, టెన్షన్ అంతా మ్యూజియం ఉన్న ఊళ్లోకి తిరిగాకే మొదలవుతుంది. కరెంటు తీగలు, కేబుల్ టీవీ వైర్లు, ఎవరో కట్టిన స్వాగత ద్వారం, రైల్వే గేటు ముందు ఎత్తైన బండ్లని ఆపడానికి అడ్డంగా ఉండే హైట్ గేజ్, చెట్ల కొమ్మలు, అన్నీ అక్కడే. అందుకే ముందే ఒక మనిషి పొడుగాటి కొలకర్ర పట్టుకుని దారంతా నడిచి చూడాలి. బండి వచ్చే రోజున లైన్‌మన్ పక్కనే ఉండి సప్లై ఆపించాలి. మా వాళ్లు డెక్కు మీద నిలబడి, కొసన పంగ ఉన్న వెదురు గడలతో తీగల్ని ఒక్కొక్కటే ఎత్తి ఇంజన్ వీపు మీదుగా వెనక్కి జరుపుతూ వస్తారు. ఊళ్లోని ఆఖరి కిలోమీటరుకి పట్టే టైములో హైవే మీద చాలా దూరం వచ్చేయొచ్చు.

ఎత్తు తగ్గించాలంటే సరైన పద్ధతి బోగీలు, అంటే పెట్టెలు కాదు, ఇంజన్ కింద చక్రాలుండే చట్రాలు, విడదీయడం. షెడ్డులో వైటింగ్ జాకీలు అనే పెద్ద జాకీలు నాలుగు పెట్టి బాడీని పైకి లేపుతారు, మోటార్ కేబుళ్లు, బ్రేకు పైపులు విప్పి కింది నుంచి బోగీల్ని తోసేస్తారు. అప్పుడు బాడీ ఒక ట్రైలర్ మీద, బోగీలు ఇంకో ట్రైలర్ మీద వెళ్తాయి. ఇక్కడే నా గట్టి మాట ఒకటి: విప్పిన ప్రతి కేబుల్‌కీ, ప్రతి బోల్టు సంచికీ చీటీ కట్టాలి, ఏ బోగీ ఏ చివరిదో, ఎటు వైపు తిరిగి ఉందో పెయింట్‌తో రాయాలి. డబ్ల్యూడీఎం-2 బోగీలో మూడు ఇరుసుల మధ్య దూరాలు సమానంగా ఉండవు, అందుకని దాన్ని ఎటు తిప్పి పెట్టినా పరవాలేదనుకోకూడదు. ఒకచోట గుర్తులు లేకుండా పంపించారు. బోగీలు పట్టాల మీద దించి, రెండు క్రేన్లతో బాడీని పైకెత్తాక గానీ తిరగేసి పెట్టారని తెలియలేదు. బాడీని మళ్లీ స్లీపర్ దుంగల మీదకి దించి, బోగీల్ని తిప్పేసరికి చీకటి పడింది.

దించడం చూడాలి అసలు. రెండు క్రేన్లూ ఒకే మనిషి సైగ మీద నడవాలి. కింద ఒక ఖలాసీ టార్చి పట్టుకుని బోగీ మధ్యలో ఉన్న గుండ్రటి గుంటకేసి చూస్తుంటాడు, బాడీ కింది పివట్ సరిగ్గా అందులో కూర్చోవాలి. 'ఎడమకి అర అంగుళం' అంటాడు, ఆగుతారు, 'ఇంకొంచెం' అంటాడు. ఆ కాసేపూ ఎవరూ గట్టిగా మాట్లాడరు.

పాడవుతుందా అంటే, ప్రయాణం వల్ల కాదు, తొందరపాటు వల్ల పాడవుతుంది. చైన్లు బిగించేటప్పుడు బోగీకీ బాడీకీ మధ్య చెక్కలు దట్టించకపోతే మలుపుల్లో స్ప్రింగుల మీద ఊగుతుంది. ట్యాంకు నిండా పడితే 5000 లీటర్ల డీజిల్ పడుతుంది, అడుగున మిగిలింది కూడా తోడేయాలి, బ్యాటరీలు తీసేయాలి, ఇసుక పెట్టెలు ఖాళీ చేయాలి. ఎత్తు తగ్గుతుందని క్యాబ్ పైకప్పుని గ్యాస్ కట్టర్‌తో కోసేద్దామనే వాళ్లూ ఉంటారు, దయచేసి ఒప్పుకోకండి. 1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి వచ్చిన మొదటి డబ్ల్యూడీఎం-2, నంబర్ 18040, ఢిల్లీ నేషనల్ రైల్ మ్యూజియంలో ఉంది. 1964 జనవరి నుంచి వారణాసిలోనే తయారై, రెండు వేలకు పైగా వచ్చిన ఈ ఇంజన్లలో చాలా భాగం తుక్కు కింద పోయాయి. మిగిలిన వాటినైనా కోతలు లేకుండా నిలబెట్టుకోవాలి కదా.

మీ ఊరి మ్యూజియం వాళ్లతో మాట్లాడే వీలుంటే మూడు అడగండి: కింద పరిచే పట్టాలకి పునాది ఎంత లోతు వేశారు, క్రేన్లు నిలబడే నేల గట్టిదేనా, ఇంజన్ ముఖం ఎటు ఉండాలో ముందే తేల్చుకున్నారా. దించాక మళ్లీ తిప్పాలంటే ఇంత ఖర్చూ మళ్లీ పెట్టాలి. ఇంకొకటి, దించిన రోజే పైన పొగ గొట్టానికి రేకు మూత వేయించమనండి. మూత లేకపోతే వాన నీళ్లు టర్బో మీదుగా సిలిండర్లలోకి దిగుతాయి, రెండు వానాకాలాలు గడిచాక ఆ ఇంజన్ని ఎవరూ మళ్లీ స్టార్ట్ చేయలేరు.