పాత ఆకురాయి కత్తి మొన ఎందుకు విరిగింది?

ప్రశ్న: చెక్క మీద కోత గీతలు గీసుకోవడానికి పాత ఆకురాయితో చిన్న కత్తి చేసుకున్నాను. ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి, సాన పట్టాను. పదును చాలా బాగా వచ్చింది. కానీ మూడో గీతకే మొన పుటుక్కున విరిగింది. ఉక్కు మంచిది కాదా? ఇంకో సందేహం: ఏటవాలు ఒకవైపే పెట్టాలా, రెండు వైపులానా?

జవాబు: ఉక్కును అనుమానించకండి. మంచి ఆకురాయిలో కార్బన్ ఒక శాతం దాకా, చాలావాటిలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. గీత కత్తికి అంతకు మించి అక్కర్లేదు. కాల్చి ముంచిన ఉక్కు గాజులా గట్టిపడుతుంది, గాజులాగే విరుగుతుంది. ఆ పెళుసుతనం తీయడానికి మళ్లీ కొద్దిగా వేడి చేయాలి. దాన్నే టెంపరింగ్ అంటారు. మీరు ఆపేసింది అక్కడే.

నా మొదటి కత్తి కూడా ఇలాగే పోయింది. రాత్రి ముంచి, టెంపరింగ్ రేపు చేద్దామని బల్ల మీద పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే ఆకురాయి పంటి గాడి వెంట వెంట్రుకంత పగులు. అప్పటినుంచి రెండు పనులు మానలేదు: కాల్చే ముందే పళ్లన్నీ పూర్తిగా అరగదీస్తాను, ముంచినది చేత్తో పట్టుకునేంత చల్లారగానే టెంపర్ చేస్తాను.

ఆ విరిగిన ముక్క పారేయలేదు కదా? మంచి వెలుతురులో భూతద్దంతో చూడండి. విరిగిన చోట బూడిద రంగులో, మఖమల్ గుడ్డలా సన్నగా కనిపిస్తే మీరు కాల్చిన వేడి సరిగ్గానే ఉంది, టెంపరింగ్ ఒక్కటే బాకీ. గరుకుగా, ఇసుక రేణువుల్లా తళుక్కుమంటే అతిగా కాల్చారు. అప్పుడు అయస్కాంతం అంటుకోవడం మానేసేదాకా, అంటే సుమారు 770 డిగ్రీలు, దానికి కాస్త పైదాకా వేడిచేసి గాలికి ఆరనివ్వండి. ఇలా మూడుసార్లు చేస్తే రేణువు మళ్లీ సన్నబడుతుంది. ఆ తర్వాత అదే వేడికి తెచ్చి ముంచండి, ఈసారి నీళ్లలో కాదు, గోరువెచ్చని నూనెలో. సన్నటి ముక్కకు నూనె చాలు, పగిలే భయమూ తక్కువ. నూనె భగ్గుమనవచ్చు కాబట్టి ఆరుబయట, ఇనుప డబ్బాలో, మూత పక్కన పెట్టుకునే చేయండి.

టెంపరింగ్‌కు ఓవెన్ ఉంటే 200 డిగ్రీల్లో గంటసేపు, చల్లారాక ఇంకో గంట. లేకపోతే ఉప్పుకాగితంతో ఉక్కు మెరిసేలా రుద్ది, కత్తి వీపు వైపు నుంచి మెల్లగా వేడిచేయండి. రంగులు వీపు నుంచి పదును వైపు పాకుతాయి: ముందు ఎండుగడ్డి రంగు, దాని వెనక గోధుమ, ఊదా, నీలం. ఎండుగడ్డి రంగు పదును అంచుకు చేరిన క్షణమే నీళ్లలో పెట్టేయాలి. ఎన్నిసార్లు చేసినా అక్కడ నేను ఊపిరి బిగబట్టే చూస్తాను, ఎందుకంటే నీలం అంచుదాకా వచ్చిందంటే పదును నిలవదు.

ఇంకో కత్తి చేసేటప్పుడు అసలు ఎర్రగా కాల్చకండి. ఆకురాయి ముందే గట్టిపడి ఉంటుంది. అదే ఓవెన్ వేడిలో టెంపర్ చేసి, గ్రైండర్ మీద మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ ఆకారం తెచ్చుకోండి. వేలికి వేడి తగిలిందంటే ఆపాల్సిందే. కొన్ని చవక రకాలకు పైపొర మాత్రమే గట్టిగా ఉంటుంది. సాన పడుతుంటే లోపల మెత్తగా తగిలితే దాన్ని వదిలేయండి.

ఏటవాలు ఒకవైపే పెట్టండి, 25 నుంచి 30 డిగ్రీలు. రెండోవైపు పూర్తిగా చదునుగా ఉంటేనే కత్తి మూలమట్టానికి అతుక్కుని నడుస్తుంది, గీత పక్కకు జరగదు. మీది ఎడమచేతి వాటమైతే ఏటవాలు అటు నుంచి ఇటు మార్చుకోండి.