గుంటూరులో ఉద్యోగానికి చేరిన మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

ప్రభువు నామంలో శుభాలు. నువ్వు పెట్టిన మెసేజ్ మీ అత్తయ్యకు కూడా చూపించకుండా చదువుకున్నాను, కంగారుపడకు. "ఎంత ప్రార్థన చేసినా శోధన పోవట్లేదు మామయ్యా, నాకు విశ్వాసం తక్కువేమో" అన్నావు. తాగుడు, బెట్టింగ్, మిర్చి కొట్టులో తప్పుడు బిల్లు రాసే ఆశ, ఇవన్నీ నిన్ను లాగుతున్నాయన్నమాట. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి పెట్టేస్తావు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు విశ్వాసం సంగతి తేల్చేద్దాం. శోధన యేసుప్రభువుకే వచ్చింది. అదీ బాప్తిస్మం తీసుకున్న వెంటనే వచ్చింది. నలభై రోజుల ఉపవాసం తర్వాత సాతాను ఆయన్ని ముందుగా ఏం చేయమన్నాడు? రాళ్లను రొట్టెలు చేసుకోమన్నాడు. ఆకలేసినవాడు రొట్టె తింటే పాపమేం కాదు కదా. వాడెప్పుడూ న్యాయమైన అవసరాన్ని పట్టుకునే లోపలికొస్తాడు. నీకు డబ్బు కావాలి, న్యాయమే. పొద్దంతా మిర్చి ఘాటులో నిలబడ్డ ఒంటికి కాస్త విశ్రాంతి కావాలి, అదీ న్యాయమే. బ్రాడీపేట గదిలో ఒక్కడివే ఉండలేక నలుగురితో కూర్చోవాలనిపించడంలో కూడా తప్పు లేదు. ఆ అవసరాలను తిట్టుకుంటూ కూర్చుంటే లాభం లేదు. వాటిని తీర్చుకోవడానికి వేరే దారి చూడాలి. సాయంత్రాలు మా ఇంటికి రమ్మని ఎన్నిసార్లు చెప్పినా మొహమాటపడతావు, అది మానెయ్.

నీ ప్రార్థనకు నేను వంక పెట్టను, అది చేసే టైముకే పెడతాను. మందు సిట్టింగులో కూర్చుని, గ్లాసు చేతికొచ్చాక "ప్రభువా, బలమివ్వు" అంటున్నావు. "మమ్మును శోధనలోకి తేక" అని ప్రభువు మనకు నేర్పింది అక్కడికి వెళ్లకముందు అడగమనే. పొద్దున అడగాలి. అడిగినవాడి కాళ్లు సాయంత్రం అటువైపు పోకూడదు. కొట్టు కట్టేశాక ఎక్కడికి వెళ్తావో పొద్దునే నీకు తెలిసుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ఏమీ అనుకోకుండా బయటికొచ్చినవాణ్ణి ఎవరు పిలిస్తే వాళ్ల వెంట పోతాడు.

దేవుడు శోధనతో కూడ "తప్పించుకొను మార్గమును" కలుగజేస్తాడని పౌలు కొరింథు సంఘానికి రాశాడు. మనవాళ్లు ఆ వాక్యం క్యాలెండర్ మీద చూసుకుని, ఆ మార్గం ఎక్కడో ఆకాశంలోంచి దిగుతుందనుకుంటారు. చాలాసార్లు అది మామూలు గది తలుపు. లేచి చెప్పులేసుకోవడమే. ఐగుప్తులో తన యజమాని పోతీఫరు భార్య విషయంలో యోసేపు చేసింది అదే. ఆమె రోజూ అడుగుతూనే ఉంది, అతను రోజూ కాదంటూనే ఉన్నాడు. చివరికి పట్టుకున్న రోజున నీతి బోధించలేదు, వస్త్రం ఆమె చేతిలోనే వదిలేసి బయటికి పారిపోయాడు. మనం బట్ట కూడా వదలనక్కర్లేదు, "పొద్దునే పనుంది, వెళ్తా" అంటే చాలు. ఎందుకు తాగవని అడిగితే క్లాసు పీకకు. నువ్వు వాదన మొదలుపెడితే వాళ్లు గెలుస్తారు, పైగా నువ్వు అక్కడే ఇంకో గంట ఉంటావు.

ఇక కొట్టు సంగతి. రైతుల మిర్చి అమ్మిపెట్టే కమీషన్ కొట్టులో నేనూ లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి ఇది కాస్త వివరంగా చెబుతాను. సీజన్లో రైతు రాత్రంతా బండి మీద ప్రయాణం చేసి, ముక్కుకు కండువా కట్టుకుని, తన టిక్కీల (మిర్చి బస్తాల) పక్కనే కూర్చుని ఉంటాడు. కాటా అయ్యేసరికి కళ్లు మూతలు పడుతుంటాయి. నువ్వు బిల్లు ఇస్తే కింద ఉన్న మొత్తం చూసుకుని జేబులో పెట్టుకుంటాడు. మచ్చు (నమూనాకు తీసే సరుకు) కిందో తరుగు (తూకంలో కోత) కిందో నాలుగు కిలోలు ఎక్కువ పోయినా ఆ పూట అతనికి తెలియదు. అందరూ అలా చేస్తారని నేననను, నిజాయితీగా బతికిన కొట్లు నాకు తెలుసు. కానీ దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అనే మాట చెవినపడే చోట నువ్వు పనిచేస్తున్నావు. "దొంగత్రాసు యెహోవాకు హేయము" అని సామెతల్లో ఉంది. అది ఆ కాలపు కాటాకే కాదు, నీ చేతిలోని పెన్నుకూ వర్తిస్తుంది.

దీనికి నేను చెప్పే ఉపాయం చిన్నదే. బిల్లు రైతు చేతిలో పెట్టేముందు పైకి చదువు. ఎన్ని టిక్కీలు, ఎంత తూకం, ఏ రేటు, హమాలీ ఎంత, కమీషన్ ఎంత, చేతికొచ్చేది ఎంత. నిద్రమత్తులో ఉన్నా వింటాడు, పక్కనున్న హమాలీలూ వింటారు. నలుగురిలో పైకి చదివే అలవాటున్నవాడికి తప్పుడు అంకె వేయాలన్న ఆలోచనే సరిగా నిలవదు.

ఓనరే వేయమంటే? మర్యాదగానే చెప్పు: "అయ్యా, ఇది నా చేత రాయించకండి." అలా అన్నంత మాత్రాన అన్నీ బాగుపడతాయని నేను మాటివ్వను. సంఘంలో లేచి దేవుడు చేసిన మేలు సాక్ష్యంగా చెప్పేటప్పుడు మనవాళ్లు నిజాయితీగా ఉన్నాను, నెల తిరక్కుండానే ప్రమోషన్ వచ్చింది అంటారు. యోసేపుకు మాత్రం పోతీఫరు భార్య అబద్ధపు నిందతో ముందు వచ్చింది జైలు. ఉద్యోగం పోతే పోతుంది, అప్పుడు మన ఇంట్లో అన్నముంది. ఆ భయం మాత్రం పెట్టుకోకు.

ఫోను విషయం ఎక్కువ రాయను, నీకే తెలుసు. సంఘంలో కన్ఫర్మేషన్ క్లాసులో చదివిన లూథర్ చిన్న కాటకిజం, ఆ విశ్వాస బోధల చిన్న పుస్తకం, గుర్తుందా? రాత్రి ప్రార్థన చెప్పాక వెంటనే నిశ్చింతగా నిద్రపొమ్మని అందులో ఉంటుంది. 1529లో రాసిన మాట, ఇవాళ్టి ఫోన్ల కోసమే రాసినట్టుంది. ప్రార్థన అయ్యాక ఫోను మంచం పక్కన ఉండకూడదు. వంటగదిలో ఛార్జింగ్ పెట్టుకో. అలారం కోసమైతే చిన్న గడియారం కొనుక్కో.

బెట్టింగ్ మాత్రం వదిలిపెట్టి మాట్లాడలేను. మన రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగ్ నిషేధించారు. 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం తెచ్చింది. అయినా ఐపీఎల్ వస్తే లింకులు ఆగవు. చట్టం సంగతి అలా ఉంచు. మొదటిసారి గెలిచినప్పటి సంతోషం కంటే, పోయింది రాబట్టుకుందామన్న ఆత్రమే మనిషిని ముంచుతుంది. పోయింది పోయిందని ఒప్పుకో. ఆ గ్రూపుల్లోంచి బయటికి రా, జీతం పడగానే ఇంటికి పంపాల్సింది ముందు పంపెయ్. ఖాతాలో పెద్ద మొత్తం కనిపిస్తుంటే చెయ్యి ఊరుకోదు.

ఇదంతా ఒక్కడివే మోయకు. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు రాసిన మాటను మన సంఘాల్లో సులువుగా దాటేస్తాం. నలుగురి ముందు సాక్ష్యం చెబుతాం గాని, ఒక్క మనిషితో నిజం చెప్పం. నువ్వు రాయడమే పెద్ద అడుగు. వారానికొకసారి నేనడుగుతాను: "తాగావా? ఆడావా? బిల్లులు సరిగా రాశావా?" నువ్వు అవును, కాదు అని చెప్పాలి, చాలు. మీ పాస్టరుగారికి కూడా చెబితే మంచిది. ఊళ్లోకి పొక్కనివ్వరు.

ఈస్టరుకు ముందొచ్చే నలభై లెంటు రోజుల్లో తాగుడు మానేసి, ఈస్టరు సాయంత్రానికి మళ్లీ సీసా ముందు కూర్చునేవాళ్లను మనం చూస్తూనే ఉన్నాం. నేను వాళ్లను వెక్కిరించను. కానీ నలభై రోజులు ఉండగలిగినవాడు ఆ తర్వాత ఏం చేయాలో ముందే అనుకోవాలి. సాతాను కూడా ప్రభువును "కొంతకాలము" విడిచిపోయాడనే లూకా రాశాడు, మళ్లీ వస్తాడన్నమాట. ఇంకో సంగతి. పొద్దున చెయ్యి వణికే స్థితికి ఎప్పుడైనా వస్తే దాన్ని పాపమని దాచుకోకు, డాక్టరు దగ్గరికి పోవాలి. మద్యం మాన్పించే సలహాకు 14446 అని ఉచిత నంబరుంది. ప్రార్థన చేస్తూనే డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు.

ఎప్పుడైనా శోధనలో పడిపోతే ప్రభురాత్రి భోజన సంస్కారానికి రావడం మానకు. సిగ్గుతో మానేస్తే వచ్చే ఆదివారం ఇంకా బరువవుతుంది. యేసు ఎవరో తెలియదని మూడుసార్లు బొంకిన పేతురుకు ప్రభువే ఒడ్డున నిప్పులు వేసి చేపలు కాల్చి పెట్టాడు.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఇటే వచ్చెయ్, అత్తయ్య కోడికూర చేస్తుంది. వచ్చేటప్పుడు ఎవరెవరికి ఎంత బాకీ ఉన్నావో కాగితం మీద రాసి తీసుకురా. ఒక్కటీ దాచకు. కూర్చుని ఏది ముందు తీర్చాలో చూద్దాం. మీ అమ్మకు నేను చెప్పను, నువ్వే చెప్పాలి. కావాలంటే ఫోను చేసేటప్పుడు నీ పక్కన కూర్చుంటాను.

మీ మామయ్య