భాగస్వామి ఎయిర్‌లైన్స్ వసూలు చేసిన అదనపు లగేజీ డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: రానూపోనూ ఒకే టికెట్ మీద బుక్ చేశాను. వెళ్లేటప్పుడు రెండు పెట్టెలకూ ఏమీ అడగలేదు. తిరుగు ప్రయాణంలో మొదటి చిన్న ఫ్లైట్‌ను నేను టికెట్ కొన్న ఎయిర్‌లైన్స్ కాకుండా దాని భాగస్వామి సంస్థ నడిపింది. వేరే ఖండానికి దాటే రెండో ఫ్లైట్ టికెట్ అమ్మిన సంస్థదే. టికెట్‌లో ‘2పీసీ’ అని ఉన్నా, తమ దగ్గర మనిషికి మొత్తం 30 కిలోలేనంటూ 21, 25 కిలోల నా పెట్టెలకు కలిపి 16 కిలోల అదనపు రుసుము కట్టించుకున్నారు. ఈ డబ్బు తిరిగి అడగవచ్చా? ఎవరిని అడగాలి?

జవాబు: తప్పకుండా అడగవచ్చు. అయితే కట్టిన మొత్తం వస్తుందని చెప్పలేను. ఎందుకో చెబుతాను.

లగేజీకి రెండు రకాల లెక్కలు ఉన్నాయి. టికెట్‌లో ‘30కే’ అని ఉంటే ఎన్ని పెట్టెలైనా మొత్తం బరువు 30 కిలోలు దాటకూడదు. ‘2పీసీ’ అని ఉంటే రెండు పెట్టెలు తీసుకెళ్లవచ్చు, కానీ ఒక్కో పెట్టెకు విడిగా పరిమితి ఉంటుంది. ఎకానమీలో అది చాలావరకు 23 కిలోలు. మీ టికెట్ రెండో రకం. కౌంటర్‌లో మీకు కట్టింది మొదటి రకం లెక్క. ఈ రకం గొడవలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

ఒకే టికెట్ మీద రెండు మూడు సంస్థలు ఉన్నప్పుడు ఎవరి లెక్క చెల్లుతుందన్నది కౌంటర్‌లో కూర్చున్నవారి ఇష్టం కాదు. అంతర్జాతీయ విమానయాన సంస్థల సంఘమైన ఐఏటీఏ 302వ తీర్మానం 2011 ఏప్రిల్ నుంచి దీనికి ఒక పద్ధతి పెట్టింది. సంస్థల నియమాలు వేరువేరుగా ఉంటే, ఆ ప్రయాణంలో ‘ప్రధాన’ సంస్థ ఏదో చూసి దాని నియమాన్నే మొత్తానికి వర్తింపజేయాలి. ఐఏటీఏ ప్రపంచాన్ని మూడు ప్రాంతాలుగా విడగొట్టింది: అమెరికా ఖండాలు ఒకటి, యూరప్, ఆఫ్రికా, మధ్యప్రాచ్యం కలిపి రెండోది, మిగతా ఆసియా, ఆస్ట్రేలియా వైపు మూడోది. ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి మొదట దాటించే ఫ్లైట్‌ను నడిపే సంస్థే సాధారణంగా ప్రధాన సంస్థ. మీ రెండో ఫ్లైట్ ఇలా ప్రాంతం దాటేదైతే, టికెట్ అమ్మిన సంస్థ నియమమే మొదటి చిన్న ఫ్లైట్‌కూ వర్తిస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ లెక్కను పెట్టెలు అప్పగించిన చోటు నుంచి తిరిగి తీసుకునే చోటు వరకే చూస్తారు. పెట్టెలు మొదటి విమానాశ్రయంలో ఇచ్చి చివరి ఊళ్లో తీసుకుని ఉంటే మీ వాదన బలంగా ఉంటుంది. మధ్యలో దింపుకుని మళ్లీ అప్పగించి ఉంటే, ఆ చిన్న ఫ్లైట్ వరకు భాగస్వామి సంస్థ తన నియమం చూపించగలదు. అందుకే మీకిచ్చిన లగేజీ ట్యాగ్ ముక్క వెతకండి. దాని మీద మూడక్షరాల గమ్యం కోడ్ ఉంటుంది. అది మీ చివరి ఊరిదైతే, పెట్టెలు నేరుగా అక్కడికే బుక్ అయ్యాయనడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు. అంతర్జాతీయ విమాన ప్రయాణాల్లో సంస్థల బాధ్యతలను చెప్పే మాంట్రియల్ ఒప్పందం 3వ అధికరణం ప్రకారం ప్రతి పెట్టెకూ ఈ ట్యాగ్ ఇవ్వడం సంస్థ బాధ్యత.

మీ ప్రయాణం మొదలైనది గానీ, చివరి గమ్యం గానీ అమెరికా అయితే ఈ లెక్కలతో పనే లేదు. అక్కడి రవాణా శాఖ నిబంధన ప్రకారం, ప్రయాణం మొదట్లో వర్తించిన పరిమితి, రుసుములే టికెట్ మొత్తానికి వర్తించాలి. కోడ్‌షేర్ ఫ్లైట్‌లో, అంటే ఒక సంస్థ తన పేరుతో అమ్మగా మరో సంస్థ నడిపే ఫ్లైట్‌లో, నడిపే సంస్థ నియమం వేరుగా ఉన్నా, టికెట్ అమ్మిన సంస్థ నియమమే చెల్లుతుంది. కెనడాలోనూ దాదాపు ఇదే పద్ధతి. ఈ రక్షణలన్నీ ఒకే టికెట్‌కే. చవకగా వస్తుందని రెండు టికెట్లు విడివిడిగా కొంటే అవి రెండు ఒప్పందాలు. రెండో సంస్థకు మొదటి టికెట్‌తో సంబంధం ఉండదు. కనెక్షన్ దొరికింది కదా అని చాలామంది ఇక్కడే నష్టపోతున్నారు.

టికెట్ అమ్మిన సంస్థ తన ప్రయాణ షరతుల్లో ‘నడిపే సంస్థ నియమాలు వర్తించవచ్చు’ అన్న వాక్యం చూపిస్తుంది. భయపడకండి. ఆ ఫ్లైట్ వరుసకు ఎదురుగానే ‘2పీసీ’ అని ముద్రించి ఉంటే, సాధారణ షరతు కన్నా మీ టికెట్‌లోని ప్రత్యేక మాటకే బలం. పైగా ఒప్పందంలో రెండర్థాలకు చోటుంటే, దాన్ని రాసినవారికి వ్యతిరేకంగానే అర్థం చెప్పాలన్నది పాత న్యాయసూత్రం.

ఇక మీ వైపు లోపం. పెట్టెల లెక్కలో చూసినా 25 కిలోల పెట్టె 2 కిలోలు ఎక్కువే. ఈ పద్ధతిలో 23 దాటి 32 కిలోల లోపు పెట్టెకు కిలోల చొప్పున కాకుండా సాధారణంగా పెట్టెకు ఇంతని ఒకే రుసుము ఉంటుంది; 24 అయినా 31 అయినా అదే. కాబట్టి ఆ రుసుము మినహాయించి, మిగిలిన తేడా మాత్రమే అడగండి. మొత్తం అడిగితే మీ న్యాయమైన వాదన కూడా పలచబడుతుంది. నిజానికి ఆ 2 కిలోలు రెండో పెట్టెలోకి మార్చి ఉంటే రెండూ సరిగ్గా 23 అయ్యేవి, ఏ రుసుమూ పడేది కాదు.

డబ్బు ఎవరి దగ్గరుందో రసీదే చెబుతుంది. అదనపు లగేజీకి ఇచ్చే ఎలక్ట్రానిక్ రసీదును ఈఎండీ అంటారు. దాని 13 అంకెల నంబరులో మొదటి మూడు అంకెలు జారీ చేసిన సంస్థ కోడ్. టికెట్ నంబరుతో పోల్చి చూడండి. మొదటి మూడంకెలు వేరైతే డబ్బు భాగస్వామికి వెళ్లిందన్నమాట. అప్పుడు రెండు సంస్థలకూ ఒకే లేఖ పంపండి. ఒకరికే రాస్తే, అది అవతలివారి పని అని చేతులు దులుపుకుంటారు. టికెట్, ఈఎండీ, ట్యాగ్ ముక్కలు, బోర్డింగ్ పాస్ జతచేసి, అడిగే మొత్తాన్ని అంకెల్లో రాసి, జవాబుకు 30 రోజుల గడువు ఇవ్వండి. అమెరికా ప్రయాణమైతే సంస్థ 30 రోజుల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, 60 రోజుల్లో వివరంగా జవాబివ్వాలి. ఆ తర్వాతే వినియోగదారుల కోర్టు, లేదా మీ దేశ విమానయాన అధికారి.

లేఖలో మాంట్రియల్ ఒప్పందపు 7 రోజులు, 21 రోజుల గడువులు ప్రస్తావించకండి. పెట్టె పాడైతే 7, ఆలస్యంగా చేరితే 21. రుసుము తగాదాకు వాటితో సంబంధం లేదు. కార్డు బ్యాంకుకు ఫిర్యాదు చేయడం కూడా చివరి మార్గంగానే ఉంచుకోండి. సేవ అందింది కదా అని సంస్థ అంటే ఆ దారి తేలిగ్గా మూసుకుపోతుంది.

మళ్లీ ఇలా జరిగితే కౌంటర్‌లోనే సూపర్‌వైజర్‌ను పిలిచి టికెట్‌లోని ఆ వరుస చూపించండి. వినకపోతే తూకం అంకెను ఫొటో తీసి, ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రసీదు మీద రాసి కట్టండి. నగదు ఇచ్చి రసీదు లేకుండా మాత్రం కదలకండి. 32 కిలోలు దాటిన పెట్టె గురించి అయితే వాదన పెట్టుకోవద్దు. మోసే కార్మికుల భద్రత కోసం పెట్టిన హద్దు అది. ఏ రుసుము కట్టినా సాధారణంగా తీసుకోరు, అలా తిరస్కరించే హక్కు వాళ్లకుంది.