దేవుని దగ్గర ఒప్పుకున్నాక మనిషి దగ్గర కూడా ఒప్పుకోవాలా?

"మోకరించి దేవుని దగ్గర ఒప్పుకున్నాను, ఆయన క్షమించాడు. మళ్లీ ఆ మనిషికి చెప్పాలా?" అని అడిగారు. చెప్పాలి. ఇది నాకు తెలిసిరావడానికి ఐదు నెలలు పట్టింది.

నేను ఇళ్ల కట్టుబడిలో సైట్ సూపర్‌వైజర్‌ని. ఒక మే నెలలో స్లాబ్ వేశాం. దాని మీద మడులు కట్టించి నీళ్లు నిలపడం నా బాధ్యత. కనీసం వారం, ఎండల్లో అయితే పది రోజులు తడి ఆరకూడదు. మూడో రోజు బంధువుల పెళ్లికి వెళ్లాను, నీళ్ల సంగతి ఎవరికీ అప్పజెప్పలేదు. తిరిగొచ్చేసరికి మడులు ఎండిపోయాయి, స్లాబ్ మీద సన్నగా పగుళ్లు. కాంట్రాక్టర్ అడిగితే "మేస్త్రి మాలులో నీళ్లు ఎక్కువ పోశాడండీ" అనేశాను. మేస్త్రికి రెండు వారాల కూలి ఆపేసి పంపించేశారు.

ఆ రాత్రే ప్రార్థనలో ఏడ్చాను. కానీ అక్కడ కూడా "ప్రభువా, పెళ్లి హడావుడిలో..." అనే మొదలుపెట్టాను. బైబిల్లో, వద్దన్న పండు ఎందుకు తిన్నావని దేవుడు అడిగితే ఆదాము "నువ్వు ఇచ్చిన స్త్రీ" అని ఆమె మీదకి నెట్టాడు. సౌలు రాజు, దేవుని మాట మీరి గొర్రెల్ని మిగిల్చింది ప్రజలే అన్నాడు. దావీదు రాజు మాత్రం, తన తప్పు ఎత్తిచూపిన నాతాను ప్రవక్త ముందు, నేను పాపం చేశాను అని ఊరుకున్నాడు. ఇంకెవరి పేరూ ఎత్తలేదు.

మా సంఘంలో నెలకోసారి ప్రభువు బల్ల, అంటే యేసు మరణాన్ని గుర్తుచేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం. ఐదు నెలలూ తీసుకున్నాను. ఆరో నెల మత్తయి 5వ అధ్యాయం చదివారు. అర్పణ తెచ్చినప్పుడు, నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, దాన్ని బలిపీఠం ముందే వదిలి మొదట వెళ్లి సమాధానపడమన్నాడు యేసు. నాకు ఎవరి మీదైనా కోపం ఉందా అని కాదు, ఎవరికైనా నా మీద ఉందా అని. మేస్త్రి క్రైస్తవుడు కాదు కాబట్టి ఆ మాట ఆయనకి వర్తించదని కూడా సర్దిచెప్పుకున్నాను. అయినా గిన్నె నా దాకా వచ్చినప్పుడు చెయ్యి ముందుకు రాలేదు, పక్కవాళ్లకి అందించేశాను.

సాయంత్రం మేస్త్రి ఇంటికి వెళ్లాను. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్న సుంకరి జక్కయ్యలా ఇచ్చే స్తోమత నాకు లేదు. సంఖ్యాకాండం 5లో నష్టానికి ఐదో వంతు కలిపి తిరిగివ్వమని ఉంది కదా, ఆ లెక్కన కవర్‌లో పెట్టుకెళ్లాను. "నీళ్లు పెట్టించనిది నేను. నీ మీద వేశాను" అన్నాను. ఆయన అరుగు మీద కూర్చుని తాపీకి అంటిన సిమెంటు గీకుతున్నాడు, తల ఎత్తలేదు.

"డబ్బులు సరే బాబూ. కాంట్రాక్టర్‌కి చెప్పావా?"

చెప్పలేదు. ఆయనకి కూలి కంటే ఎక్కువ పోయింది పేరు. అది నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

మర్నాడు చెప్పాను. నా పని పోయింది. కాంట్రాక్టర్ నా ముందే మేస్త్రికి ఫోన్ చేశారు.

మీరు వెళ్లేముందు చెప్పబోయే మాట ఒకసారి పైకి అనుకోండి. అందులో "కానీ" వస్తే తీసేయండి. క్షమించమని ఒత్తిడి చేయకండి. మేస్త్రి ఇప్పటికీ కనబడితే తలూపుతాడు, అంతే. నేను ఆగి "బాగున్నారా" అని అడుగుతాను.